వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు శాసనసభ చేయూత – రైతుసంఘముల కర్తవ్యము

మన సహకార సంఘము శాసనమువలన పుట్టినది. 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము రాకున్నచో, పదిమంది రైతులు కూడి ఒకరికొకరు పూచీపడి న్యాయమైన వడ్డీకి అప్పు తెచ్చుకొనుటకు త్రోవ యుండెడిది కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము మన సంఘములకు ఆధారముగ నున్నది. ఆ 1964వ సంవత్సరముననే, జూను 12వ తేదీన, శాసనసభ చేసిన వేఱొక చట్టమువలన వేఱొక సంస్థ పుట్టినది. అదియే వ్యవసాయ విశ్వవిద్యాలయము.

ఈ రెండు సంస్థలును రైతుకొఱకే యేర్పడినవి. ఐనను మొదటిదానిని మనదని యనుకొందుము. మహాజనసభకు పోవుదుము, లెక్కలడుగుదుము, తప్పున్నచో కార్యదర్శిని నిలదీయుదుము. రెండవదానిని గుఱించి మాత్రము, అది చదువుకొన్నవారి వ్యవహారమని తలచి యూరకుందుము. బడ్జెటులో దానికెంత యిచ్చిరో మనము అడుగము. దాని పరిశోధన క్షేత్రమున మనుష్యులున్నారో లేరో విచారింపము. అడుగువారు లేని పద్దు తగ్గుట లోకసహజము. కావున, వ్యవసాయ విశ్వవిద్యాలయము పెరుగవలెనన్నను, దాని మూలమున వెనుకబడిన ప్రాంతములు కోలుకొనవలెనన్నను, శాసనసభను అడుగవలసినవారు ముందుగా రైతులే యని మేము ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

మనకు ముట్టినది

ఊరక యడుగుట తగదు. ఇంతవరకు ముట్టినదేమో లెక్క చూచుకొని యడుగుట సహకారుల మర్యాద.

పశ్చిమగోదావరి జిల్లాలోని మారుటేరు వరి పరిశోధన స్థానము 1925వ సంవత్సరమున నెలకొన్నది. అక్కడ వశిష్ఠ, మసూరి యను రెండు రకములను సంకరపఱచి తీసిన ఎం.టి.యు. 7029 అను వంగడము 1982లో విడుదలయ్యెను. దానినే మనము స్వర్ణ యందుము. తక్కువ యెఱువుతో దిగుబడి నిలుపుటయు, నీరు నిలుచు పల్లపు చేలలో నొదిగి పండుటయు దాని గుణములు. గోదావరి డెల్టా రైతుకొఱకు తీసిన యీ వంగడము ఒడిసా, పశ్చిమ బెంగాలు, బీహారు, ఛత్తీసుగఢ్ రాష్ట్రములకును, బంగ్లాదేశమునకును వ్యాపించినది.

బాపట్లలో తీసిన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, 1986లో విడుదలయ్యెను. దీని వంశమున మసూరితోపాటు, 1921లో కోయంబత్తూరులో ఏర్పఱచిన జి.ఇ.బి. 24 అను సన్నరకము కూడ కలదు. నేడు సన్నబియ్యమన్న మాట వినబడిన ప్రతిచోటను, అంగడివాడు ఏ పేరు పెట్టి యమ్మినను, బస్తాలో సాంబమసూరియో దాని సంతతియో యుండుట తఱచు.

స్వర్ణగాని సాంబమసూరిగాని కొన్న రైతు, ఆ వంగడమును కనుగొన్నందుకై యెవ్వరికిని ప్రత్యేకముగ రుసుము చెల్లింపలేదు. తన పంటలోని గింజను దాచి మఱునాటికి విత్తుకొన్నాడు, పొరుగువానికి బదులిచ్చినాడు. 2001వ సంవత్సరపు వంగడముల రక్షణ, రైతుహక్కుల చట్టము ఈ యాచారమును హక్కుగా నంగీకరించినది. ప్రజల సొమ్ముతో తీసిన విత్తనము ప్రజలదగుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

ఒక్క యేటి పని కాదు

ఇట్టి వంగడము ఎట్లు తయారగునో రైతు తెలిసికొన్నచో, గ్రాంటు సంగతి తనంతట బోధపడును.

రెండు రకములను సంకరము చేసిన మొదటి తరమున మొక్కలన్నియు ఒక తీరున నుండును. రెండవ తరమున గుణములు చీలి, పొడవు పొట్టి, ముందు వెనుక, సన్నము లావు అన్నియు బయటపడును. వానిలో నేఱి, మరల విత్తి, మరల నేఱి, గుణములు నిలుకడ పొందువఱకు ఐదాఱు తరములు గడచును. తరువాత స్థానములోని మడులలో పాత రకముతో ప్రక్కప్రక్కన నాటి తూచవలెను. తరువాత వేఱువేఱు జిల్లాల క్షేత్రములందు పరీక్షింపవలెను. తరువాత చిరుసంచులలో పెట్టి రైతుల చేలలో పండించి చూడవలెను. విడుదలైన పిమ్మటనైనను బ్రీడరు విత్తనము, దానినుండి మూలవిత్తనము, దానినుండి ధ్రువీకరణ విత్తనము పెరిగిన గాని సంచి మన గ్రామమునకు చేరదు. ఈ నడక పది సంవత్సరములకు తక్కువ కాదు.

ఇట్టి పనికి ఒక యేట సమృద్ధిగా ధనమిచ్చి మఱుసటి యేట బిగపట్టినచో, మధ్య తరములోని విత్తనము విత్తకయే చెడిపోవును. సంకరములను చేసి, వాని గుణములను కంటితో నెఱిగిన పరిశోధకుడు పదవి చాలించి పోయిన పిమ్మట ఆ చోటు ఖాళీగా నున్నచో, ఆయన పుస్తకములోని యంకెలు మిగులును గాని, ఏ మొక్కను ఉంచవలెనో ఏది త్రోయవలెనో చెప్పువారుండరు. బావి సగము త్రవ్వి విడిచినచో పెట్టిన కూలియు దక్కదు, నీరును దక్కదు.

వంగడము విడుదలైనంతమాత్రమున పని ముగియదు. స్వర్ణ పల్లమునకు తగినదేగాని, వెల్లువలో పూర్తిగ మునిగి వారమునకు మించినచో చచ్చుచుండెను. ఒడిసా దేశపు పాత వరిరకమొకదానిలో ముంపునకోర్చు గుణము కలదని కనుగొని, ఆ గుణమును స్వర్ణలోనికి తెచ్చి, ఇంచుమించు రెండు వారముల ముంపునకు నిలుచు స్వర్ణ సబ్-1 అను రకమును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు సిద్ధము చేసిరి. అది 2009లో మన దేశమున విడుదలయ్యెను. సాంబమసూరికి ఎండాకు తెగులు శత్రువు. హైదరాబాదులోని రెండు కేంద్ర పరిశోధన సంస్థలు కూడి ఆ తెగులును తట్టుకొను మెఱుగైన సాంబమసూరిని 2008లో వెలువరించెను. ఎల్.బి.జి. 752 అను మినుము వరికోతల తరువాతి మాగాణులలో మంచి పేరు పొందినది. పల్లాకు తెగులు ప్రబలిన పిమ్మట అది నిలువలేకపోగా, తెగులును తట్టుకొను టి.బి.జి. 104 వంటి రకములు తిరుపతి మొదలగు స్థానములనుండి రావలసివచ్చినది. తెగులు ఏటేట రూపు మార్చుకొనుచుండగా పరిశోధన నిలిచిపోయినచో, ఓడిపోవునది రైతు చేను.

ధనము వచ్చు త్రోవ

వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు ధనము ముఖ్యముగ రెండు త్రోవల వచ్చును. ఒకటి రాష్ట్రప్రభుత్వ గ్రాంటు. దీనిని శాసనసభ ఏటేట పద్దుగా మంజూరు చేయవలెను. రెండవది కేంద్రమునందలి భారత వ్యవసాయ పరిశోధన మండలి యిచ్చునది. ఈ మండలివారి అఖిలభారత సమన్వయ పరిశోధన పథకములు పలు పంటలమీద మన స్థానములందు నడచుచున్నవి. వానిలో చాలకాలముగా నున్న నియమము నూటికి 75 వంతులు కేంద్రము, 25 వంతులు రాష్ట్రము భరించుట.

ఇందులోని కీలకమును రైతు గమనింపవలెను. రాష్ట్రము తన పావలా వేసినచో కేంద్రపు ముప్పావలా వచ్చి చేరును. రాష్ట్రము తన వంతును ఆలసింపజేసినచో, లేక పథకమునకు కావలసిన మనిషిని నియమింపకున్నచో, కేంద్రపు సొమ్మును సద్వినియోగము కాదు. మన సంఘములో వాటాధనము చెల్లింపని సభ్యునికి అప్పు పుట్టనట్లే యిదియును. కావున శాసనసభ రూపాయను తగ్గించినప్పుడు తగ్గునది ఆ రూపాయ యొక్కటియే కాదు.

మఱియొక సంగతి. గ్రాంటులో పెద్దభాగము జీతములకును ఉపకారవేతనములకును పోవుట సహజము. అవి యీయక తప్పదు. మిగిలిన కొంచెములోనే క్షేత్రపు కూలి, ఎఱువు, విద్యుచ్ఛక్తి, పరీక్షశాల సామగ్రి, గ్రామములకు తిరుగు బండి ఖర్చు జరుగవలెను. పొదుపు పేరిట కోత వచ్చినప్పుడు జీతమును కోయజాలరు గనుక ఈ కొంచెమును కోయుదురు. అప్పుడు పరిశోధకుడు కుర్చీలో నుండును, క్షేత్రము బీడుగ నుండును. కావున మన మహజరులో “గ్రాంటు పెంచుడు” అని మాత్రము వ్రాయుట చాలదు. జీతములు గాక పనికి ఎంత యిచ్చుచున్నారని అడుగవలెను.

ప్రాంతముల సంగతి

విశ్వవిద్యాలయమనగా ఒక పట్టణమున పెద్ద భవనములని యనుకొనుట పొరపాటు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఆఱు మండలములకు ఆఱు ప్రాంతీయ పరిశోధన స్థానములను కలిగియున్నది. ఉత్తర కోస్తాకు అనకాపల్లి, గోదావరి మండలమునకు మారుటేరు, కృష్ణా మండలమునకు లాం, దక్షిణ మండలమునకు తిరుపతి, అల్పవర్షపాత మండలమునకు నంద్యాల, ఏజెన్సీ మన్యమునకు చింతపల్లి. శ్రీకాకుళము జిల్లా నైరలో 1989లోను, మహానందిలో 1991లోను, రాజమహేంద్రవరమున 2008లోను కళాశాలలు వెలసినవి. వీనికి పూర్వము 1945లో బాపట్లయు, 1961లో తిరుపతియు కళాశాలలకు స్థానములైనవి.

ఇట్టి స్థానము ఒక తాలూకాలో నున్నచో కలుగు మేలు పలువిధములు. చుట్టుపట్ల గ్రామములవారికి కూలి దొరకును. మంచి విత్తనము ముందుగా ఆ చుట్టుప్రక్కలనే పాకును. విత్తనము పండించియిచ్చు గ్రామములు ఏర్పడును. పదవతరగతి ముగించిన రైతుబిడ్డలు రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా చదివి, ఊరు విడువకయే యుద్యోగమో వ్యాపారమో చేసికొనవచ్చును. డిగ్రీ కళాశాలలలో రైతుకుటుంబముల పిల్లలకు ప్రత్యేకముగ కొన్ని స్థానములు కేటాయింపబడియున్నవి. ఇట్లు చదువుకొన్న పిల్లవాడు తండ్రి పొలమును చూచి సిగ్గుపడడు.

మెట్టసీమల విషయమున ఈ యవసరము మఱింత హెచ్చు. అనంతపురము ప్రాంతము దేశమందలి మిక్కిలి తక్కువ వర్షము పడు చోట్లలో నొకటి. అక్కడ వేఱుసెనగయే బ్రతుకు. 1940లో తిండివనమున వెలువడిన టి.ఎం.వి. 2 అను రకమునే అక్కడి రైతులు దశాబ్దములపాటు విత్తుచు వచ్చిరి. అంతకు మంచిది దొరకకపోవుటయు, దొరకినను చాలినంత విత్తనము లేకపోవుటయు ఇందుకు కారణములు. కదిరి పరిశోధన స్థానమునుండి కదిరి 6 మొదలగు రకములు వచ్చిన పిమ్మటగాని ఆ చక్రము కదలలేదు.

ఈ పనిని విత్తనవర్తకులు ఏల చేయలేదని యెవరైన అడుగవచ్చును. లెక్క చూడుడు. వరి నాటుటకు ఎకరమునకు ఇరువది, ఇరువదియైదు కిలోల విత్తనము చాలును, ఒక కిలో గింజ ఎన్నో పదుల కిలోలగును. వేఱుసెనగ ఎకరమునకు అఱువది కిలోలకు తక్కువగాక పప్పు కావలెను, ఒకటికి ఎనిమిదియో పదియో మాత్రమే యగును. బరువు హెచ్చు, నిలువ కష్టము, లాభము తక్కువ. పైగా రైతు ఒకసారి కొని, తరువాత తన గింజనే విత్తుకొనగలడు. ప్రత్తి, మొక్కజొన్న సంకరరకములలో ఏటేట విత్తనము కొనవలసియుండును గనుక వర్తకులు అక్కడ ధనము పెట్టుదురు. వారిని మేము నిందింపము. వర్తకము లాభమునకే. కాని వరి, వేఱుసెనగ, మినుము, కంది, కొఱ్ఱ వంటి పంటలలో మెట్టరైతును చూడవలసినది ప్రజాసంస్థయే. నంద్యాలలో తీసిన సూర్యనంది అను కొఱ్ఱరకమును చూడుడు. చిరుధాన్యములను అడుగువారు లేని కాలమునందును అక్కడ పరిశోధన సాగినందువలననే, వానికి మరల గిరాకి వచ్చునప్పటికి విత్తనము సిద్ధముగ నుండెను.

చరిత్ర నేర్పు పాఠములు

శాసనసభలు పూనుకొన్నచో ఏమి జరుగునో లోకమునందు నిదర్శనములు కలవు. అమెరికా దేశమున అంతర్యుద్ధము జరుగుచుండగనే, 1862వ సంవత్సరమున, మోరిల్ చట్టము పుట్టినది. ఒక్కొక్క రాష్ట్రమునకు దాని శాసన ప్రతినిధి యొక్కనికి 30,000 ఎకరముల వంతున ప్రభుత్వభూమి నిచ్చి, ఆ ధనముతో వ్యవసాయ, యంత్రవిద్యల కళాశాలలు పెట్టుమనిరి. 1887లో హాచ్ చట్టము పరిశోధన స్థానములకు ధనమిచ్చెను. 1914లో స్మిత్–లీవర్ చట్టము ఆ విద్యను గ్రామమునకు చేర్చు విస్తరణకు ధనమిచ్చెను. బోధన, పరిశోధన, విస్తరణ అను మూడు కాళ్లును ఏర్పడుటకు వారికి ఏబది సంవత్సరములకు కొంచెము ఎక్కువ పట్టినది.

మన దేశమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగ నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి నాయకత్వమున 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ సంఘము గ్రామీణ విశ్వవిద్యాలయములు కావలెనని చెప్పెను. 1960లో పంత్‌నగరమున మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసెను. మన చట్టము 1963లో వచ్చెను. 20 మార్చి 1965 తేదీన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు మన విశ్వవిద్యాలయమును ప్రారంభించిరి. రైతునాయకుడైన ఆచార్య ఎన్.జి. రంగాగారి పేరు దానికి 1996లో పెట్టిరి. 2005లో పశువైద్యమునకును, 2007లో ఉద్యానమునకును వేఱు విశ్వవిద్యాలయములు విడివడినవి. 2014లో రాష్ట్రము విడిపోవగా, రాజేంద్రనగరము తెలంగాణమున ఆచార్య జయశంకర్ పేరిట నున్న విశ్వవిద్యాలయమునకు చెందెను. గుంటూరు చెంతనున్న లాం మనకు ముఖ్యస్థానమయ్యెను. ఆ సంవత్సరపు పునర్వ్యవస్థీకరణ చట్టము పదమూడవ షెడ్యూలులో, ఆంధ్రప్రదేశమున కేంద్రము నెలకొల్పుటకు చర్య తీసికొనవలసిన విద్యాసంస్థల వరుసలో వ్యవసాయ విశ్వవిద్యాలయమును కూడ వ్రాసిరి. చట్టమున వ్రాసిన మాటను నెఱవేర్పు మని యడుగుట యాచన కాదు.

ఇంకొక పాఠము మన యింటిలోనిదే. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చట్టము వచ్చినప్పుడు ముఖ్యస్థానము ఏ పట్టణమున నుండవలెనను వివాదమున తెలుగువారు చాల కాలమును వ్యయపఱచిరి. మొదట బెజవాడ, 1930లో వాల్తేరు. రాయలసీమవారి యసంతృప్తి శ్రీబాగ్ ఒడంబడికలో చేరెను. 1937లో వ్రాసికొన్న ఆ యొడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనను షరతు కలదు. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లో వచ్చెను. అనంతపురమున 1968లో స్నాతకోత్తర కేంద్రమును, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును ఏర్పడెను. మాట వ్రాసికొన్నప్పటినుండి అనంతపురమున కేంద్రము కనబడుటకు ముప్పది సంవత్సరములు దాటినవి. అడుగుట మానినచో వ్రాతలోని మాట వ్రాతలోనే యుండును. కావున మనము ముఖ్యస్థానముకొఱకు జిల్లాకు జిల్లా పోట్లాడక, మన నేలకు తగిన స్థానమును చక్కగ నడపుమని, ఎల్ల జిల్లాలును కలిసి యడుగుట మేలు.

భూమిని కాపాడుట

పరిశోధన క్షేత్రపు భూమి ఇతర భూములవంటిది కాదు. ఏ మడిలో ఏ యేట ఏ పైరు వేసిరో, ఎంత యెఱువు చల్లిరో, ఎంత పండెనో పుస్తకములందు దశాబ్దములుగా వ్రాసియుందురు. ఆ నేల గుణము తెలిసియుండుటచేతనే, ప్రక్కప్రక్కన నాటిన రెండు రకములలో భేదము రకమువలన కలిగినదో నేలవలన కలిగినదో చెప్పగలరు. అట్టి నూఱెకరములు తీసికొని వేఱుచోట నూఱెకరములిచ్చినను, భూమి బదులు భూమి వచ్చును గాని ఆ చరిత్ర రాదు.

పట్టణములు పెరిగినకొలది ఈ భూములపై కన్ను పడుచున్నది. రాజేంద్రనగరమున వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయముల భూములలో 100 ఎకరములు తెలంగాణ హైకోర్టు నూతన భవనములకై కేటాయింపబడగా, విద్యార్థులు 2024లో ఆందోళన చేసిరి. న్యాయస్థానమునకు భవనము కావలసినదే. వైద్యశాలయు కావలసినదే. అవి వేఱు నేలమీదను నిలుచును. పరిశోధన క్షేత్రము మాత్రము తన నేలమీదనే బ్రతుకును. కావున, ఇట్టి భూమిని శాసనసభలో చర్చ లేక ఉత్తరువు మాత్రమున మార్చరాదని చట్టమున నొక నియమము చేర్చుమని అడుగుట యుచితము.

రైతుల యాక్షేపణలు

“విశ్వవిద్యాలయమువారు మా ఊరికి ఎన్నడైన వచ్చిరా?” అని మేము ప్రదర్శనలకు పోయిన గ్రామములందు రైతులు అడుగుచుందురు. ఇది న్యాయమైన యాక్షేపణ. కొన్ని గ్రామములకు వారు రారు. ఐతే రాకపోవుటకు మనుష్యులు తక్కువగుట, తిరుగుటకు ఖర్చు లేకపోవుట అను కారణములున్నచో, అవి గ్రాంటువలన తీఱునవి. కారణము సోమరితనమైనచో, అది మనము అడిగినగాని తీఱదు. రెండింటికిని మందు ఒకటే, అడుగుట.

“మాకు కావలసినది గిట్టుబాటు ధర, అప్పు, భీమా. పరిశోధన తరువాత చూతము” అని మఱికొందఱందురు. ధర కావలెను, అప్పు కావలెను. వానికొఱకు పోరాడుట మానుమని మేము చెప్పము. కాని రాయితీ ఆ యేటితో తీఱిపోవును. మంచి వంగడము ఇరువది, ముప్పది యేండ్లు పండును. సంఘపు లాభమునంతయు ఏటేట పంచుకొని నిలువనిధికి ఏమియు చేర్పని సంఘము ఎంతకాలము నిలుచునో సభ్యులకు తెలియును. పరిశోధన రైతుజాతికి నిలువనిధి.

“కౌలురైతునకు దీనిలో నేమున్నది?” అనువారును కలరు. పొలము తనది కాకున్నను విత్తు తనదే, నష్టము తనదే. మంచి విత్తనము, తెగులు తట్టుకొను రకము అతనికే ముందుగా కావలెను. కావున మహజరుమీద కౌలురైతుల సంతకములు కూడ ఉండవలెను.

అడుగు విధము

శాసనసభలో బడ్జెటు సమావేశములు సాధారణముగ ఫిబ్రవరి, మార్చి నెలలందు జరుగును. 2014 తరువాత మన రాష్ట్రమున వ్యవసాయమునకు వేఱుగ బడ్జెటు చదువు ఆచారము వచ్చినది. పద్దులమీద చర్చ జరుగునప్పుడే సభ్యుడు మాటాడగలడు. కావున మన కాగితము సంక్రాంతికి ముందే యాయన చేతికి చేరవలెను. సభ్యుడు ప్రశ్న వేసినచో మంత్రి బదులు చెప్పవలెను, ఆ బదులు సభాపత్రములలో నిలిచిపోవును. “ఫలాని స్థానమున మంజూరైన పరిశోధక పదవులెన్ని, నిండినవెన్ని?” అను ఒక్క ప్రశ్న పది యుపన్యాసములకంటె పనిచేయును. సభలో ప్రజల విజ్ఞాపనలను విచారించు సంఘమును కలదు.

సంఘముల సౌకర్యముకొఱకు తీర్మానపు నమూనా నొకదానిని క్రింద ఇచ్చుచున్నాము. మీ ప్రాంతపు పంటనుబట్టి మార్చుకొనవచ్చును.

“మా సంఘపు మహాజనసభ ఈ క్రింది కోరికలను శాసనసభ్యుల ద్వారా ప్రభుత్వమువారికి విన్నవించుచున్నది.

1. మా మండలపు ప్రాంతీయ పరిశోధన స్థానమునందలి ఖాళీ పదవులను నిర్ణీత గడువులోపల నింపవలెను.

2. జీతములు గాక పరిశోధన, విస్తరణ పనులకు వేఱుగ గ్రాంటు చూపి, కనీసము ఐదేండ్లపాటు తగ్గింపమని హామీ యీయవలెను. ఖరీఫు పనులకు కావలసిన వంతును జూను నెలకు ముందు విడుదల చేయవలెను.

3. కేంద్ర పథకములందు రాష్ట్రపు వంతును ఆలస్యము లేక చెల్లింపవలెను.

4. పరిశోధన క్షేత్రముల భూమిని శాసనసభ యనుమతి లేక ఇతర పనులకు మార్చరాదు.

5. బ్రీడరు విత్తనమునుండి మూలవిత్తనము పండించు పనిలో సహకార సంఘములకు వంతు కల్పింపవలెను.

6. ప్రతి ఖరీఫునకు, రబీకి ముందు స్థానపు శాస్త్రజ్ఞులు సంఘ కార్యాలయమునకు వచ్చి రైతులతో ఒక దినము గడపవలెను.”

ఈ తీర్మానము కాగితముమీద నిలిచిన ప్రయోజనము లేదు. ప్రతులు నాలుగు తీయుడు. ఒకటి శాసనసభ్యునకు, ఒకటి శాసనమండలి సభ్యునకు, ఒకటి విశ్వవిద్యాలయమునకు పంపి, ఒకటి సంఘపు దస్త్రమున నుంచుడు. తెచ్చిన బదులును తరువాతి సభలో చదివి వినిపింపుడు. బదులు రాకున్నచో అదియు చదివి వినిపింపుడు.

మన వంతు

అడుగువాడు ఇచ్చుటకును సిద్ధముగ నుండవలెను. చిరుసంచుల పరీక్షకు ఒక పది సెంట్ల నేల యిచ్చుట, ఇచ్చిన పిమ్మట వారు చెప్పినట్లు ప్రక్కన పాతరకమును కూడ నాటుట, కోసిన గింజను కన్నుమూసి చెప్పక తూచి చెప్పుట మన పని. పండలేదన్నను పండలేదని యున్నదున్నట్లు చెప్పవలెను. పండనిదానిని పండినదనుట పరిశోధకునకు మొగమోటము, పొరుగు రైతునకు ద్రోహము. కిసాన్ మేళాకు పోయి సంచి తెచ్చుకొనుటతో తృప్తిపడక, మన చేలోని చీడను ఒక కొమ్మతో సహా తీసికొనిపోయి చూపవలెను. మన యూరి పిల్లలలో ఒక్కరైనను వ్యవసాయ కళాశాలకు పోవునట్లు సంఘము ప్రోత్సహింపవలెను.

రైతు సోదరులారా, విశ్వవిద్యాలయము శాసనసభ బిడ్డ. శాసనసభ మన వోటునకు బిడ్డ. వోటు వేసిన నాడు మనము చూపు శ్రద్ధలో నాలవవంతు బడ్జెటు నాడు చూపినచో, బీడుపడిన పరిశోధన మడులలో మరల నాగలి సాగును. రాబోవు మహాజనసభ కార్యక్రమ పత్రమున ఈ విషయమును ఒక యంశముగ చేర్చుమని మీ సంఘాధ్యక్షునకు నేడే వ్రాయుడు.